ఆకు బొమ్మ సరే, తనిఖీ చేసిందెవరు?

ఎడిటర్ గారికి నమస్కారం.

పండగ ఆఫర్లు మొదలైన దగ్గర్నుంచి పేపర్లలో ఫుల్ పేజీ ప్రకటనలు చూస్తున్నాను. టీవీ, ల్యాప్‌టాప్, ఏసీ, ఏదైనా సరే పక్కన ఒక పచ్చటి ఆకు బొమ్మ, దాని కింద ‘ఎకో ఫ్రెండ్లీ’ అనో ‘గ్రీన్ సర్టిఫైడ్’ అనో చిన్న అక్షరాలు. సర్టిఫై చేసిందెవరో ఉండదు, నంబరు ఉండదు, ఎప్పటిదాకా చెల్లుతుందో అసలే ఉండదు. నేను కూకట్‌పల్లి వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను, కొనుగోళ్ల ఫైళ్లు నా టేబుల్ దాటే వెళ్తాయి కాబట్టి ఈ ఆకు బొమ్మ వెనక ఏముందో దగ్గర్నుంచి చూశాను. అదే నలుగురికీ తెలియాలని రాస్తున్నాను.

ఈసారి డెస్క్‌టాప్‌లకి కొటేషన్లు పిలిచినప్పుడు పర్యావరణ సర్టిఫికెట్ జతచేయమని అడిగాం. సికింద్రాబాద్ పార్క్‌లేన్ నుంచి వచ్చిన ఒక కొటేషన్ వెనక జిరాక్స్ కాగితం పెట్టారు, తీరా చూస్తే అది ఐఎస్ఓ 14001. ఫ్యాక్టరీ తన పర్యావరణ వ్యవహారాలను ఒక పద్ధతిగా నడుపుకుంటోందని చెప్పే కాగితం అది. మనం కొనే మెషీన్‌లో ఏ రసాయనాలున్నాయి, బ్యాటరీ మార్చుకోవచ్చా, పాతబడ్డాక ఎవరు వెనక్కి తీసుకుంటారు, వీటి గురించి అందులో ఒక్క ముక్క ఉండదు. ఇంకొకరు ఈపీట్ గోల్డ్ ఉందంటూ స్క్రీన్‌షాట్ పంపారు. ఈపీట్ అంటే పర్యావరణ ప్రమాణాలకు తగ్గ ఎలక్ట్రానిక్ వస్తువుల అంతర్జాతీయ జాబితా, గోల్డ్ అందులో పై స్థాయి. ఆ జాబితా నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మోడల్ నంబరు కొట్టి దేశం దగ్గర ఇండియా పెట్టాను, రాలేదు. అమెరికా పెడితే వచ్చింది. ఈపీట్‌లో ఏ దేశానికా దేశం విడిగా నమోదు చేసుకోవాలి, ఎందుకంటే పాత సామాను వెనక్కి తీసుకునే ఏర్పాటు లాంటివి అమ్మే చోట ఉండాలి, ఎక్కడో ఉంటే మనకేం లాభం? ఫోన్ చేసి అడిగితే “సార్, బాక్స్ మీద లోగో ఉంది కదా, ఇంకేం కావాలి?” అన్నారు. ఆయన్నని ఏం లాభం, ఇన్నేళ్లలో ఆ ప్రశ్న అడిగిన కస్టమరే ఆయనకు తగిలి ఉండడు.

లోగో ఉంటే చాలనుకుంటే ఏమవుతుందో అమెరికాలో ఒకసారి బయటపడింది. అక్కడ కరెంటు ఆదా చేసే వస్తువులకు ఎనర్జీ స్టార్ అనే గుర్తు ఇస్తారు. 2010లో వాళ్ల ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ ఉత్తుత్తి కంపెనీలు పెట్టి, లేని వస్తువులకి దరఖాస్తులు పంపింది. 20 దొంగ వస్తువుల్లో 15కి ఆ గుర్తు వచ్చేసింది! అందులో పెట్రోలుతో నడిచే అలారం గడియారం ఒకటి. రూమ్ హీటర్‌కి ఈక చీపురు అతికించి గాలి శుభ్రం చేసే యంత్రం అంటే దానికీ సరే అన్నారు. కంపెనీ చెప్పిందే వేదం అన్నట్టు నడిచింది వ్యవహారం. ఆ దెబ్బకి 2011 నుంచి పద్ధతి మార్చారు: గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో పరీక్ష, కంపెనీతో సంబంధం లేని మూడో సంస్థ పరిశీలన, పైగా మార్కెట్లోకి వచ్చిన తర్వాత ఏటా కొన్ని మోడళ్లకి మళ్లీ పరీక్ష.

నాకు అర్థమైనంతవరకు ఏ గ్రీన్ లేబుల్‌నైనా తూచాల్సింది ఇక్కడే. పరీక్షకి శాంపిల్ ఎవరు ఎంచుకుంటారు? కంపెనీయే నీటుగా ప్యాక్ చేసి ల్యాబ్‌కి పంపుతుందా, లేక తనిఖీ చేసేవాళ్లు మామూలు షాపులో కొంటారా? ఫెయిలైతే ఆ సంగతి జనానికి చెబుతారా? ఈపీట్‌ని నడిపే గ్లోబల్ ఎలక్ట్రానిక్స్ కౌన్సిల్‌కి ఫీజు కట్టేది తయారీ కంపెనీలే, అందులో రహస్యం ఏమీ లేదు. కానీ జాబితాలోకి ఎక్కాక కూడా వాళ్లు కొన్ని వస్తువులు ఎంచుకుని, కాగితాలు అడిగి, కొన్నిసార్లు మార్కెట్లో కొని విప్పి చూస్తారు, తేడా వస్తే ఆ వివరాలు ప్రచురిస్తారు. స్వీడన్ వాళ్ల టీసీఓ సర్టిఫైడ్ దారి వేరు. ఉద్యోగుల సంఘాల సమాఖ్య చేతిలో ఉన్న సంస్థ అది, 1992 నుంచి నడుస్తోంది, స్వతంత్ర తనిఖీ ముందు, సర్టిఫికెట్ తర్వాత. నా వరకు నాకు టీసీఓ పద్ధతే నచ్చుతుంది, అయినా ఫెయిలైనవాళ్ల సంగతి బయటపెట్టే అలవాటు మాత్రం అందరికీ ఉండాలి.

మన దగ్గర ఏముంది అంటే, జనానికి బాగా తెలిసింది ఏసీ, ఫ్రిజ్‌ల మీద కనిపించే స్టార్లు, కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ బీఈఈ ఇచ్చేవి. 2006 నుంచి ఉన్నాయి. కంపెనీ ల్యాబ్ రిపోర్టు పెట్టి స్టార్లు తీసుకుంటుంది, తర్వాత బీఈఈ మార్కెట్ నుంచి శాంపిల్ తెచ్చి పరీక్షించే అవకాశం ఉంది, అనుమానం ఉంటే ఫలానా మోడల్‌ని పరీక్షించండి అని ఫిర్యాదు చేసే దారి కూడా ఉంది. అయితే స్టార్లు చెప్పేది వాడేటప్పుడు అయ్యే కరెంటు ఖర్చు ఒక్కటే. ఫోన్‌కీ, ల్యాప్‌టాప్‌కీ పర్యావరణ నష్టం ఎక్కువ భాగం తయారీలోనే అయిపోతుంది, దానికి స్టార్లు సమాధానం కావు. ఛార్జర్ మీద ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే బీఐఎస్ (వస్తువుల ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ) నంబరు చూసి కూడా చాలామంది ఇది గ్రీన్ అనుకుంటారు. అది షాక్ కొట్టకుండా, కాలిపోకుండా ఉండేందుకు పెట్టిన భద్రత రిజిస్ట్రేషన్, బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు.

పర్యావరణానికి మేలైన వస్తువులకి ఇచ్చేందుకు కేంద్రం మట్టికుండ గుర్తుతో ఎకోమార్క్ అని 1991లోనే తెచ్చింది. ఎంతమంది చూసి ఉంటారు? నేనైతే ఏ ఎలక్ట్రానిక్ వస్తువు మీదా చూడలేదు. 2024లో కొత్త ఎకోమార్క్ నిబంధనలు వచ్చాయి, బాధ్యత కేంద్ర కాలుష్య నియంత్రణ మండలికి, బీఐఎస్‌కి అప్పగించారు. అదే ఏడాది అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ మార్గదర్శకాలు ఇచ్చింది: ‘గ్రీన్’, ‘ఎకో ఫ్రెండ్లీ’ అని ప్రకటనలో వేస్తే ఆధారం చూపించి తీరాలి. మరి పండగ ప్రకటనల్లో ఆ ఆధారం ఎక్కడ?

కాగితం ఒక్కటే చూసి వదిలేస్తే ఏమవుతుందో మన దేశంలోనూ చూశాం. ప్లాస్టిక్ చెత్త రీసైకిల్ చేశామని ఇచ్చే సర్టిఫికెట్లలో లక్షల కొద్దీ నకిలీవి ఉన్నాయని 2023లో కాలుష్య మండలి తనిఖీలోనే తేలింది. ఇప్పుడు ఎలక్ట్రానిక్ చెత్తకీ అలాంటి సర్టిఫికెట్ల పద్ధతే నడుస్తోంది, 2025-26కి కంపెనీలు తమ బాధ్యత కింద 70 శాతం రీసైక్లింగ్ చూపించాలి. అక్కడ చూపించేది సర్టిఫికెట్, ఇక్కడ పాత మదర్‌బోర్డులు బస్తాల్లో కిలోల లెక్కన తుక్కు వ్యాపారికి పోతున్నాయి. మన చర్లపల్లిలో ఉన్న కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీమెట్‌లో సర్క్యూట్ బోర్డుల నుంచి లోహాలు తీసే పరిజ్ఞానం తయారుచేశారు, ఈసీఐఎల్ వైపు కేంద్రం వాళ్ల ఎలక్ట్రానిక్స్ పరీక్షా కేంద్రం ఉంది. పరీక్షించే సత్తా ఊళ్లోనే ఉంది, పరీక్షించమని అడిగేవాళ్లు కావాలి.

అడిగితే పని జరుగుతుంది కూడా. 2012లో యాపిల్ తన కంప్యూటర్లను ఈపీట్ నుంచి తీసేసుకుంది. అలాగైతే మీ మెషీన్లు మేం కొనం అని శాన్ ఫ్రాన్సిస్కో నగర అధికారులు చెప్పారు, రోజుల్లోనే కంపెనీ మళ్లీ చేరింది. మన సచివాలయం, జీహెచ్ఎంసీ, యూనివర్సిటీలు, హైటెక్ సిటీ కంపెనీలు కలిపి ఏటా కొనే కంప్యూటర్లు తక్కువేం కాదు. టెండరులో రెండు లైన్లు చేర్చమనండి: సర్టిఫికెట్ నంబరు మోడల్ నంబరుతో, ఇండియా నమోదుతో సరిపోవాలి, డెలివరీ అయిన సరుకులోంచి ఒకటి కొనేవాళ్లే ఎంచుకుని పరీక్షకి పంపుతారు. అదనపు ఖర్చు కొంచెం ఉంటుంది, ఉండనివ్వండి.

పత్రిక నుంచి కోరేది కూడా ఉంది. ‘గ్రీన్ సర్టిఫైడ్’ అని ప్రకటన ఇచ్చేవాళ్ల దగ్గర ఏ సంస్థ, ఏ నంబరు అని అడిగి అదీ అచ్చు వేయండి. బీఈఈ, ఈపీట్ తనిఖీల్లో తప్పిన మోడళ్ల వివరాలు దొరికినప్పుడల్లా బిజినెస్ పేజీలో ఒక బాక్స్ కట్టండి, పండగ ముందు అయితే మరీ మంచిది. అబద్ధపు ఆకు బొమ్మ కనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చని ఆ బాక్స్ కింద వేయండి, ఆ నంబరు మా కాలేజీలో లెక్చరర్లకే తెలియదు.

ఇట్లు
ఒక కంప్యూటర్ ల్యాబ్ ఇన్‌చార్జ్,
కూకట్‌పల్లి, హైదరాబాద్