ఆ గది తలుపు ఎందుకు మూసి ఉంటుంది?

తల్లిదండ్రులకు నమస్కారం.

గత వారం కౌన్సెలర్ గది ముందు జరిగిన గొడవ గురించి మీ వాట్సాప్ గ్రూపుల్లో రకరకాల కథలు తిరుగుతున్నాయట. ఒక కథలో నేను కూడా కేకలు వేశానట. ఆ సమయానికి నేను ప్రయోగశాలలో కారుతున్న కుళాయి దగ్గర ఉన్నాను. జరిగింది ఇంతే. "మా అబ్బాయి మీతో ఏమి చెప్పాడు?" అని ఒక తండ్రి అడిగారు. "అది బాబే చెప్పాలండీ, కావాలంటే ముగ్గురం కూర్చుందాం" అన్నారు కౌన్సెలర్. "ఫీజు కట్టేది నేను" అన్నారాయన. కట్టేది ఆయనే, కాదనను. మాట్లాడింది మాత్రం అబ్బాయి. (ఇది ఆయన అనుమతితోనే రాస్తున్నాను.)

యూనిట్ పరీక్షలు సోమవారం మొదలవుతాయి, గ్రంథాలయం పుస్తకాలు ఈలోగా తిరిగి ఇప్పించండి, పోయిన నీళ్ల సీసాలన్నీ ఆఫీసు బయట అట్టపెట్టెలో ఉన్నాయి.

"అసలు ఆ కౌన్సెలర్ అర్హతలేమిటి?" అని అడిగిన వారికి జవాబు. ఆవిడ తొమ్మిదేళ్లు పిల్లల వార్డులో నర్సుగా పనిచేశారు. సూది వేసే ముందు "నొప్పే ఉండదు" అని ఏ బిడ్డకూ చెప్పలేదట. "కాస్త చురుక్కుమంటుంది, పది లెక్కపెట్టు" అనేవారట. ఆ తర్వాత మనస్తత్వశాస్త్రంలో పీజీ చేసి, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో శిక్షణ పొందారు. ఇప్పటికీ నెలకోసారి ఒక సీనియర్ కౌన్సెలర్ దగ్గర, పిల్లల పేర్లు చెప్పకుండా, తన పనిని సమీక్షించుకుంటారు. ఆవిడ డాక్టరు కాదు, మందులు రాయరు. మానసిక వైద్యుల అవసరం కనిపిస్తే ఆ మాట మీకు చెబుతారు. ఆ గదికి "పిచ్చివాళ్లు" వెళతారని ఇంట్లో ఎవరు అంటున్నారో తెలియదు కానీ, పిల్లలు ఆ మాటను బడికి మోసుకొస్తున్నారు.

ఒకసారి ఆ గది చూడండి. రెండు కుర్చీలు ఎదురెదురుగా ఉండవు, కాస్త ఏటవాలుగా ఉంటాయి. మాట రానప్పుడు పిల్లలు కిటికీలోంచి బయటికి చూడవచ్చు. మధ్యలో బల్ల లేదు. గడియారం ఇద్దరికీ కనిపిస్తుంది. కౌన్సెలర్‌కు నిజాయితీ, షరతుల్లేని ఆదరణ, ఎదుటివారి లోకాన్ని వారి కళ్లతో చూడగల సహానుభూతి ఉండాలని అమెరికా మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1957లోనే రాశారు. వినడానికి తేలిక. ఉపాధ్యాయ వృత్తిలో ఇన్నేళ్లున్న నేనే పిల్లల మాట పూర్తికాకముందే సలహా అందుకుంటాను. ఆవిడ సున్నా నుంచి పది దాకా మెట్లు గీసి "ఇవాళ ఎక్కడున్నావు?" అని అడుగుతారు. "మూడు" అంటే, "ఇంత తక్కువేమిటి?" అనరు. "సున్నాలో లేవుగా, మూడు దాకా ఎలా వచ్చావు?" అంటారు. మన ఇళ్లలో ఎనభై మార్కులు తెచ్చిన బిడ్డకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఏమిటో మీకూ తెలుసు: "మిగతా ఇరవై ఏమయ్యాయి?"

గోప్యతకు హద్దులున్నాయి. బిడ్డ ప్రాణానికి ముప్పున్నా, ఎవరైనా బిడ్డను హింసిస్తున్నా, బిడ్డ వల్ల ఇంకొకరికి ప్రమాదమున్నా ఆవిడ దాచరు. ఈ సంగతి మొదటి రోజే పిల్లలకు చెబుతారు. మిగిలినవి ఆ గదిలోనే ఉంటాయి. కాబట్టి దయచేసి ఇంటికి తీసుకెళ్లే దారిలో విచారణ పెట్టకండి, డైరీలు వెతకకండి. బిడ్డ మాట్లాడుతుంటే ఫోను బోర్లా పెట్టండి. చేతిలో పట్టుకుని "ఊఁ, చెప్పు" అంటే వాళ్లకు అర్థమవుతుంది.

మా ఏడో తరగతి పిల్లలు ముగ్గురి గురించి చెప్పకుండా ఉండలేను. కొత్తగా చేరిన అబ్బాయి మెట్ల మీద ఒంటరిగా భోజనం చేస్తున్నాడని గమనించి, ఎవరూ చెప్పకుండానే తమ డబ్బాలు అక్కడికి మార్చారు. ఇప్పుడు ఆ మెట్ల మీద పదకొండు మంది. భోజనం వేళ నాకు దిగడానికి దారి లేదు, కోప్పడదామన్నా మనసు రావడం లేదు.

ఆ తండ్రి గురువారం మళ్లీ వచ్చారు. ముగ్గురూ కూర్చున్నారు. నేను ఏమీ అడగలేదు. మీలో ఎవరైనా కౌన్సెలర్‌ను కలవాలంటే బుధవారం మధ్యాహ్నం రండి, ముందుగా ఆఫీసులో పేరు రాయించండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు