పిల్లల వేసవి శిబిరం: జమా ఖర్చుల వివరణ

చందా ఇచ్చినవారికీ, ఇవ్వకపోయినా పిల్లల్ని పంపినవారికీ, ఆ రెండూ లేకుండా నాలుగు వారాలు అల్లరి మాత్రమే భరించినవారికీ కమిటీ తరఫున నమస్కారం.

శిబిరం ముగిసి పది రోజులైంది. లెక్క ఆలస్యమైందని కొందరు అడిగారు, న్యాయమే. రెండు బిల్లులు చివరిదాకా అందలేదు, అవి లేకుండా పుస్తకం మూయడం ఇష్టం లేకపోయింది. పూర్తి అంకెలు నోటీసు బోర్డు మీద అంటించాం. ఓచర్లు, రసీదు పుస్తకం, పాస్‌బుక్ కమిటీ గదిలో ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. ఇక్కడ మాత్రం చేతికొచ్చిన ప్రతి వందలో ఎంత ఎటు పోయిందో రాస్తున్నాం. ఇలాగైతే ఎవరికైనా చప్పున అర్థమవుతుంది.

ముందు జమ. వందలో 68 చందాలు, 19 విరాళాలు, 9 పోయినేడాది మిగులు. మిగతా 4 పాత పేపర్లు, అట్టపెట్టెలు అమ్మితే వచ్చింది. రసీదు నంబరు 37 కౌంటర్‌ఫాయిల్ తడిసిపోయింది. ఇచ్చిన మొత్తం కనిపిస్తోంది, పేరే కనిపించడం లేదు. డబ్బు జమ వేశాం. ఆ రసీదు మీ దగ్గరుంటే చూపించండి, పేరు రాసుకుంటాం. వస్తువులుగా వచ్చినవాటికి, అంటే రెండు పాత క్యారమ్ బోర్డులు, దుప్పట్లు, ఒకవైపే ప్రింటైన కాగితాల కట్టలకు విలువ కట్టలేదు. కట్టి ఉంటే జమ ఇంకాస్త గొప్పగా కనిపించేది, అంతే.

ఇక ఖర్చు. అన్నిటికన్నా పెద్దది, వందలో 24, పిల్లల్ని చూసుకున్న ఇద్దరికి ఇచ్చిన పారితోషికం. 'వాలంటీర్లు దొరకరా?' అని మీటింగులో అడిగారు. దొరుకుతారు, మొదటి మూడు రోజులు. 5 నుంచి 13 ఏళ్ల మధ్య పిల్లలు 41 మంది. ఎవరికో మోకాలు చెక్కుకుపోయినప్పుడు 'నేనున్నాను' అనే మనిషి రోజూ ఒకరే ఉండాలి. ఈ ఖర్చు తగ్గించే ఆలోచన మాకు లేదు.

కాగితం, రంగులు, జిగురు, మట్టి, కత్తెరల కింద 17. జిగురు ఆరో రోజుకే అయిపోయింది. ఎంత కావాలో మేం వేసిన అంచనా తప్పు. నీలం రంగు రెండుసార్లు కొన్నాం, పసుపు ఇంకా సగానికి పైగా ఉంది. కత్తెరల దగ్గర మరో పాఠం నేర్చుకున్నాం. మొద్దు మొన ఉన్నవే చూసి డజను తెచ్చాం. నలుగురు పిల్లలకు ఎంతకీ గీత మీద కత్తిరించడం రాలేదు. 'సరిగ్గా పట్టుకో' అని రెండు రోజులు వాళ్లనే అన్నాం కూడా. నలుగురిదీ ఎడమచేతి వాటం. మామూలు కత్తెరను ఎడమచేత్తో పడితే పై రేకు గీతను కప్పేస్తుంది, వేళ్ల ఒత్తిడికి రేకులు ఒకదానికొకటి దూరమై కాగితం మడత పడుతుంది. వాళ్ల కోసం రేకులు తిరగేసి అమర్చిన కత్తెరలు విడిగా కొన్నాం. ఓచర్లలో ఆ పద్దు రెండోసారి ఎందుకుందని అడిగినవారికి ఇదే జవాబు.

ఒకవైపు ప్రింటైన కాగితాల సంగతి చెప్పాలి. ఒక కాగితాన్ని ఎనిమిది గళ్లుగా మడిచి, నడిమధ్యన రెండు గళ్ల పొడవునా ఒక్క గాటు పెట్టి మళ్లీ మడిస్తే ఎనిమిది పేజీల చిన్న పుస్తకం వస్తుంది. అచ్చు ఉన్న వైపంతా లోపలికి పోతుంది, తెల్లగా ఉన్నదే బయటికి కనిపిస్తుంది. జిగురు అక్కర్లేదు, పిన్ను అక్కర్లేదు. పది రోజుల్లో 130 పుస్తకాలు తయారయ్యాయి. ఒకదాని పేరు 'మా వాచ్‌మన్ తాత కుక్కకి తెలియని విషయాలు'. దీనికైన ఖర్చు సున్నా కాబట్టి లెక్కలో ఎక్కడా కనిపించదు, అందుకే ఇక్కడ రాశాం.

ఆట సామాన్లకు 14. ఇందులో అనవసరంగా పోయింది షటిల్ కాక్‌ల మీదే. ఈకలవే బాగా ఎగురుతాయని మూడు డజన్లు తెచ్చాం. ఒక్కో కాక్‌కు ఉండేవి 16 ఈకలు. వాటిలో ఒకటి రెండు విరిగినా అది ఎటు పోతుందో దానికే తెలియదు. చిన్నపిల్లలు బ్యాట్ అంచుతో కొడతారు. తొమ్మిదో రోజుకి మూడు డజన్లూ హతం. తర్వాత తెచ్చిన నైలాన్ కాక్‌లు ఒక డజను, శిబిరం అయ్యేదాకా వచ్చాయి. సాయంత్రం ఆట మాత్రం తొంభై నిమిషాలకు ఒక్క నిమిషం తగ్గించలేదు. 5 నుంచి 17 ఏళ్లవారికి రోజుకు కనీసం 60 నిమిషాలు ఒళ్లు అలిసే కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బడి రోజుల్లో ఎలాగూ కుదరదు.

టీషర్టులు, బ్యానర్, సర్టిఫికెట్లకు 13. వయసును బట్టి సైజు ఊహించి ఆర్డరిచ్చాం, సగం మందికి పట్టలేదు. సర్టిఫికెట్లు 41 వేయించాం, తొమ్మిది ఇప్పటికీ బీరువాలోనే ఉన్నాయి. పుస్తకాలకు పెట్టింది 11. ఈ రెండు అంకెలూ పక్కపక్కన చూశాక కమిటీలో కాసేపు ఎవరికీ మాట రాలేదు. టీషర్టులు ఫొటోలో బాగున్నాయి, ఫొటోలు తీసుకున్నది పెద్దవాళ్లు. పుస్తకాలు కొన్నవి 63. ఇచ్చిపుచ్చుకున్న రిజిస్టరులో మాత్రం 212 పద్దులున్నాయి. రెండు పుస్తకాలు చిరిగాయి. చిరిగేదాకా చదివారంటే అది నష్టం కింద రాయబుద్ధి కాలేదు.

నీడ కోసం కట్టిన వల, తాగునీళ్ల క్యాన్లు, ప్రథమ చికిత్స పెట్టె కలిపి 6. తినుబండారాలకు ఏమీ పెట్టలేదు. కొందరు పిల్లలకు కొన్ని పడవు కాబట్టి ఎవరి డబ్బా వారిదే అనుకున్నాం.

వందలో 5 పోయింది, తిరిగి రాలేదు. మెదడు లెక్కలు నేర్పుతానన్న ఒకరికి పది రోజులకు అడ్వాన్సు ఇచ్చాం. రెండు రోజులు వచ్చారు. తర్వాత ఫోను ఎత్తలేదు. కాగితం మీద ఏమీ రాయించుకోలేదు, కోశాధికారిగా ఆ తప్పు నాది. ఇకపై వారం వారం ఇస్తాం. ఆ క్లాసు కోసం కొన్న వర్క్‌బుక్కులు 30, వాటిలో 26 కవరు కూడా విప్పలేదు. ఎవరికైనా కావాలంటే తీసుకెళ్లండి. చిల్లర ఖర్చులు 2.

మొత్తం 92. చేతిలో ఉన్నది 8.

కొందరు తల్లిదండ్రులు రాసిచ్చిన ఫిర్యాదు గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాం. 'డబ్బు తీసుకుని రోజూ ఒక గంట పిల్లల్ని ఖాళీగా వదిలేశారు' అని. నిజమే, వదిలేశాం. మొదటి వారం నలభై నిమిషాలకొక పీరియడు చొప్పున టైంటేబుల్ వేశాం. నాలుగో రోజుకి పిల్లలు 'సార్, బెల్లు ఎప్పుడు కొడతారు?' అని అడగడం మొదలుపెట్టారు. సెలవుల్లో కూడా బెల్లు కోసం ఎదురుచూపేనా అనిపించి ఒక గంట తీసేశాం. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణంలో ఆటతో పాటు విశ్రాంతి, తీరిక కూడా హక్కులుగానే ఉన్నాయి. ఈ మాట మీటింగులో ఒక అమ్మమ్మగారు చెప్పారు, మాకెవరికీ తెలియదు.

ఆ గంటలో ఏం జరిగిందో రెండు ముక్కలు. ఒక తొమ్మిదేళ్ల పాప నేల మీద నిటారుగా కర్ర పాతి, నీడ కొస దగ్గర సుద్దతో గీతలు పెట్టడం మొదలుపెట్టింది. ఉదయం శిబిరం పదకొండుకే అయిపోతుంది కాబట్టి మధ్యాహ్నం గీతల కోసం వాళ్ల తాతగారు గొడుగు పట్టుకుని తోడు నిలబడ్డారు. నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్నది సరిగ్గా పన్నెండింటికి కాదు. 'గడియారం తప్పా, సూర్యుడు తప్పా?' అని వచ్చి అడిగింది. గడియారం చాలా ఊళ్లకు కలిపి ఒకటే పెట్టుకున్నామనీ, సూర్యుడు ఒక్కో ఊరికి ఒక్కో వేళకు నడిమింటికి వస్తాడనీ చెబితే, 'అయితే గడియారమే' అని తేల్చేసింది. ఖర్చు, సుద్దముక్కలు నాలుగు.

రెండోది, మా రసీదు పుస్తకం చూసి పిల్లలే ఆట సామాన్ల గది నడపడం మొదలుపెట్టారు. బ్యాట్ తీసుకుంటే సంతకం, ఆలస్యమైతే కాగితం నాణేల్లో జరిమానా. కోశాధికారికి పదకొండేళ్లు. జరిమానా మాఫీ చేయమని బతిమాలిన తమ్ముణ్ని 'ఓచర్ ఉందా?' అని అడిగాడట. చివరి రోజు వాళ్ల లెక్క మాకంటే ముందే టాలీ అయింది, ఒక్కటి తప్ప.

మిగిలిన 8 వచ్చే వేసవి ఖాతాకు మళ్లిస్తున్నాం. టీషర్టులు వద్దనీ, ఆ మొత్తం పుస్తకాలకు పెట్టాలనీ కమిటీ ప్రతిపాదన. అభ్యంతరాలుంటే రాతపూర్వకంగా పదిహేను రోజుల్లోగా ఇవ్వండి.

టాలీ కాని ఆ ఒక్కటీ క్యారమ్ రెడ్ కాయిన్. తొమ్మిది నల్లవి, తొమ్మిది తెల్లవి ఉన్నాయి, ఎర్రదే లేదు. ఎవరి ఇంట్లోనైనా సోఫా కింద దొరికితే కమిటీ గదికి కాదు, ఆ పదకొండేళ్ల కోశాధికారికే ఇవ్వండి. అతను ఇంకా పుస్తకం మూయలేదు.