డిజిటల్ ఇన్‌పుట్ ఉన్నంత మాత్రాన రొద పోదు

సంపాదకులకు నమస్కారం.

స్పీకరును నడిపే క్లాస్-డి రకం ఆడియో యాంప్లిఫైయర్ చిప్‌ల మీద మీ సాంకేతిక పేజీలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. ఇలాంటి సంగతులు తెలుగులో రావడం అరుదు కనుక సంతోషించాను కానీ, ఇన్‌పుట్ డిజిటల్ గనుక రొద చొరబడే వీలే లేదన్న మాట దగ్గర ఆగిపోయాను. బెంగళూరు పీణ్యలో లిఫ్టులకు అనౌన్స్‌మెంట్ బోర్డులు తయారుచేసే చిన్న సంస్థలో పనిచేస్తున్న నేను, సరిగ్గా ఆ మాటనే నమ్మి రెండు వారాలు పోగొట్టుకున్నాను.

మైక్రోకంట్రోలర్ నుంచి, ధ్వనిని అంకెల రూపంలో మోసే ఐ2ఎస్ తీగల మీద చిప్‌లోకి వచ్చేవి అంకెలే కాబట్టి ఆ దారిన రొద రాదన్నది నిజమే. అయితే స్పీకరును కదిలించేది పవర్ సప్లై. చిప్‌లోని ట్రాన్సిస్టర్లు ఆ వోల్టేజీనే సెకనుకు లక్షల సార్లు కలుపుతూ, తెంపుతూ ఉంటాయి. ఔట్‌పుట్‌ను గమనించి సరిదిద్దుకునే ఫీడ్‌బ్యాక్ లేని చిప్ అయితే, సప్లై ఊగినంతా ధ్వనీ ఊగుతుంది.

అలాంటి చిప్పే ఉన్న మా బోర్డు మౌనంగా ఉన్నప్పుడు స్పీకరు జాలీకి చెవి ఆనించినా ఏమీ వినిపించేది కాదు. 'తలుపులు మూసుకుంటున్నాయి' అనగానే మాత్రం ఆ గొంతులో ఒక గరగర. రికార్డింగును అనుమానించి మళ్లీ చేయించాం, ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డుకు వెళ్లి వేరే స్పీకర్లు తెచ్చాం, ఫలితం లేదు. చివరికి 1000 హెర్ట్జ్ స్వరం పంపి చూస్తే, దానికి అటూ ఇటూ 900, 1100 హెర్ట్జ్ దగ్గర మేము పంపని రెండు స్వరాలు కనిపించాయి. సప్లైలో కెపాసిటర్ చాలక మిగిలిపోయిన 100 హెర్ట్జ్ ఊపు చేసిన పని అది. స్పీకరు రెండు కొసలనూ చిప్పే నడుపుతుంది కనుక, మౌనంలో ఆ ఊపు రెండు వైపులా సమానంగా పడి రద్దయిపోతుంది. స్వరం వచ్చాకే దానితో కలిసి బయటపడుతుంది. అందువల్ల ఇన్‌పుట్ ఏమీ ఇవ్వకుండా కొలిచిన సప్లై రొద అంకె ఎంత అందంగా ఉన్నా, ఇలాంటి చిప్ విషయంలో దానితో తృప్తి పడకూడదు.

(రెండు కొసలూ నడుస్తున్నవే కాబట్టి తరంగాలను తెరమీద చూపే ఆసిలోస్కోపు గ్రౌండ్ క్లిప్పును వాటిలో దేనికీ తగిలించకూడదు. మా దగ్గర ఒక చిప్ ఆ తొందరపాటుకే బలైంది.)

వ్యాసంలోని వాట్ల పట్టిక గురించి ఒక్క మాట. బాగా వాడుకలో ఉన్న మ్యాక్స్98357ఏ చిప్‌కు 5 వోల్టుల దగ్గర, 4 ఓమ్‌ల స్పీకరుతో 3.2 వాట్లని రాస్తారు. 5 వోల్టుల శిఖరంతో కోత పడని సైన్ తరంగం, నష్టమే లేదనుకున్నా, 4 ఓమ్‌లలో ఇవ్వగలిగింది 3.125 వాట్లే. తక్కినది తరంగం నెత్తి తెగ్గోసుకుని వచ్చినది. ఆ అంకె 10 శాతం వక్రీకరణ (తరంగం ఆకారం చెడడం) దగ్గరిదని తయారీదారు ఇచ్చే వివరాల పత్రం, అంటే డేటాషీటే చెబుతుంది. తయారీదారు దాచని ఆ షరతును మీ పట్టిక వదిలేసింది.

ఇకపై ఇలాంటి పట్టికలు వేసేటప్పుడు ఏ వోల్టేజీ, ఎన్ని ఓమ్‌లు, ఎంత వక్రీకరణ అన్న మూడు వివరాలనూ అంకె పక్కనే ముద్రించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు,
పీణ్య, బెంగళూరు.