పాస్‌పోర్ట్ వదలని ఆటగాణ్ని నిందించే ముందు

సంపాదకుడికి,

మన దేశం ద్వంద్వ పౌరసత్వాన్ని అనుమతించదు. అందుకే విదేశాల్లో పుట్టి పెరిగిన భారత సంతతి ఫుట్‌బాలర్లను జాతీయ జట్టులోకి తేవాలా వద్దా అన్న చర్చలో ఒక మాట తరచూ వినిపిస్తోంది: ‘దేశం మీద అంత ప్రేమే ఉంటే ఆ పాస్‌పోర్ట్ వదిలేసి రావచ్చుగా!’ ఇలా అనేవాళ్లు మాసిమో బొనీని ఆట జీవితాన్ని ఒకసారి చూడాలి.

బొనీనిది శాన్ మరీనో. చుట్టూ ఇటలీ, నడుమ 61 చదరపు కిలోమీటర్ల గణతంత్రం. జనాభా ఇప్పటికీ 35 వేలు దాటలేదు. 1959లో పుట్టిన అతను చెసేనా క్లబ్ నుంచి 1981లో ఇటలీ పెద్ద క్లబ్ యువెంటస్‌కు వచ్చాడు. ఎదుటివాళ్ల కాళ్ల దగ్గర బంతి లాక్కుని ఫ్రాన్స్ దిగ్గజం ప్లాటినికి అందించడం అతని పని. చూడ్డానికి అందమైన పని కాదు గానీ ఆ జట్టు నడిచింది దాని మీదే. 1988 దాకా అక్కడే ఉండి మూడు ఇటలీ లీగ్ టైటిళ్లు, 1984లో కప్ విన్నర్స్ కప్, 1985లో యూరోపియన్ కప్, అదే ఏడాది ఇంటర్‌కాంటినెంటల్ కప్ గెలిచాడు. 1983లో యూరప్ యువ ఆటగాళ్లకిచ్చే బ్రావో పురస్కారం కూడా అతనిదే.

1982 నుంచి ఇటలీ క్లబ్బులకు ఇద్దరేసి విదేశీయులకే అనుమతి. యువెంటస్‌లో ఆ రెండు చోట్లూ ప్లాటిని, పోలండ్ ఆటగాడు బోనియెక్ నింపేశారు. శాన్ మరీనో వాళ్లను ఇటాలియన్లతో సమానంగా చూడబట్టే బొనీనికి ఇబ్బంది రాలేదు. ఇటలీ అండర్-21 జట్టుకూ అలాగే ఆడాడు. సీనియర్ జట్టు దగ్గరికొచ్చేసరికి మాత్రం శాన్ మరీనో పౌరసత్వం వదులుకోవాల్సి వచ్చింది. అతను ఒప్పుకోలేదు. 1982 ప్రపంచకప్ ఫైనల్ ఆడిన ఇటలీ జట్టులో ఆరుగురు యువెంటస్ వాళ్లే. రోజూ తనతో కలిసి సాధన చేసేవాళ్లు ప్రపంచ విజేతలుగా తిరిగొస్తుంటే బొనీనికి ఆడటానికి జాతీయ జట్టే లేదు.

శాన్ మరీనో సమాఖ్యకు ఫిఫా, యూఈఎఫ్ఏ (యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య) సభ్యత్వం 1988లో వచ్చింది. తొలి అధికారిక మ్యాచ్ 1990 నవంబర్ 14న, స్విట్జర్లాండ్ చేతిలో 0-4 ఓటమి. అప్పటికి బొనీనికి 31 ఏళ్లు నిండాయి. 1995 దాకా 19 మ్యాచ్‌లు ఆడి, తర్వాత ఆ జట్టుకే కోచ్ అయ్యాడు. ఇతనికి దేశభక్తి తక్కువని అందామా, ఇటలీ మీద గౌరవం లేదని అందామా?

మన దగ్గర సమస్య ఇంతకన్నా చిక్కుగా ఉంది. భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లే ఆడాలన్న క్రీడల శాఖ నిబంధన ఒక్కటి మారిస్తే చాలనుకుంటున్నారు చాలామంది. ఫిఫా అడిగేది శాశ్వత జాతీయత. విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్లకిచ్చే ఓసీఐ కార్డు చట్టం దృష్టిలో పౌరసత్వం కాదు. ఆ కార్డుదారుకు ఇక్కడ ఓటు కూడా లేదు. పౌరసత్వం కావాలంటే, పౌరసత్వ చట్టం ప్రకారం ఓసీఐ కార్డు తీసుకుని అయిదేళ్లు గడవాలి, దరఖాస్తుకు ముందు 12 నెలలు భారత్‌లో నివసించాలి. ప్రత్యేక కారణాలుంటే కేంద్రం మొత్తం 30 రోజుల విరామం దాకా సడలించగలదు. ఇంగ్లండ్ క్లబ్బులో కాంట్రాక్టు ఉన్న 22 ఏళ్ల కుర్రాడు ఈ షరతు ఎలా నెరవేరుస్తాడు? పైగా బ్రిటన్ పాస్‌పోర్ట్ వదిలాక అక్కడ ఆడాలంటే సాధారణంగా విదేశీయుడిలా వర్క్ పర్మిట్ తెచ్చుకోవాలి. ఆ పర్మిట్ దక్కడంలో జాతీయ జట్టుకు ఆడిన మ్యాచ్‌ల వల్ల లాభం ప్రధానంగా ఫిఫా ర్యాంకుల్లో తొలి 50 జట్ల వాళ్లకే. మనం వందకు అవతల ఉన్నాం. అంటే భారత్‌కు ఆడినందుకు అతని ఉద్యోగమే పోవచ్చు.

అందుకే వచ్చేవాళ్లు ఆలస్యంగా వస్తున్నారు. ఇజుమి అరాటా జపాన్ పౌరసత్వం వదిలి 2012లో భారతీయుడయ్యేసరికి అతనికి 30 ఏళ్లు. రాయన్ విలియమ్స్ 2025లో ఆస్ట్రేలియా పాస్‌పోర్ట్ వదిలేశాడు, అతనికి 32. ఇద్దరూ ఇక్కడి క్లబ్బుల్లో స్థిరపడ్డాకే ఆ పని చేయగలిగారు.

పొరుగున బంగ్లాదేశ్ ద్వంద్వ పౌరసత్వాన్ని అనుమతిస్తుంది కాబట్టి లీస్టర్ ఆటగాడు హమ్జా చౌదరి బ్రిటన్ పాస్‌పోర్ట్ ఉంచుకునే 2025 మార్చిలో షిల్లాంగ్‌లో మన మీద బరిలోకి దిగాడు. 2015 జూన్‌లో గువామ్ మనల్ని 2-1తో ఓడించింది. పసిఫిక్‌లో అమెరికా పాలనలో ఉన్న, రెండు లక్షల జనాభా కూడా లేని దీవి అది. అక్కడివాళ్లు పుట్టుకతోనే అమెరికా పౌరులు. లాస్ ఏంజిలిస్ గెలాక్సీ డిఫెండర్ ఎ.జె. డెలాగార్జా ఏ పాస్‌పోర్టూ వదలకుండానే ఆ జట్టుకు ఆడాడు.

అలాగని నలుగురు వచ్చేస్తే ప్రపంచకప్‌కు వెళ్లిపోతామన్న ఆశా వద్దు. యూరప్ విజేత బొనీని మిడ్‌ఫీల్డ్‌లో ఉన్నా శాన్ మరీనో గెలవలేదు. ఆ దేశపు తొలి గెలుపు 2004 ఏప్రిల్‌లో, లీక్టెన్‌స్టైన్‌పై ఆండీ సెల్వా గోల్‌తో. రెండో గెలుపు మళ్లీ 2024లోనే, అదీ లీక్టెన్‌స్టైన్ మీదే. పక్కన పది మంది స్థాయి తక్కువైతే ఒక్కడు లాక్కున్న బంతి మళ్లీ ఎదుటివాళ్లకే పోతుంది.

ద్వంద్వ పౌరసత్వం పార్లమెంటు తేల్చాల్సిన పెద్ద విషయం. ఆట కోసమే దాన్ని మార్చమని అడగడం లేదు. ఈలోగా కేంద్రం తేదగిన చిన్న చట్ట సవరణ ఒకటుంది: జాతీయ సమాఖ్య సిఫారసు చేసిన ఆటగాళ్లకు ఆ 12 నెలల నివాస షరతును ఫుట్‌బాల్ సీజన్‌కు సరిపడేలా సవరించడం. మీ క్రీడా పేజీ కూడా ‘ఎవరు వస్తారు, ఎవరు రారు’ అన్న జాబితాల బదులు ఈ షరతుల వివరాలు ప్రచురిస్తే పాఠకులకు ఉపయోగం.

— ఒక పాఠకుడు, వరంగల్