పిల్లలకు ఆ తెర మీది నరకం వద్దు

సంపాదకులు గారికి నమస్కారం.

ఎండాకాలం సెలవులు వస్తే చర్చిల్లో పొద్దున పిల్లలకు వీబీఎస్ (వెకేషన్ బైబిల్ స్కూల్) తరగతులు, రాత్రి ఉజ్జీవ సభలు మా దేవరకొండ వైపు మామూలే. నేను ముప్పై ఏళ్లుగా సండే స్కూల్లో పాఠాలు చెప్తున్నాను. మొన్న మే నెలలో మా మనవరాలిని పక్క మండలంలో ఒక సభకు తీసుకెళ్లాను. తొమ్మిది దాటాక పెద్ద ఎల్‌ఈడీ తెర మీద నరకం వీడియో వేశారు. శూలం పట్టుకున్న సాతాను, సలసల కాగే నూనె మూకుడు, గొలుసులతో ఈడ్చుకుపోతుంటే అరిచే ఆడవాళ్లు. ముందు పట్టాల మీద కూర్చున్నదంతా పిల్లలే. మా పాపకు ఎనిమిదేళ్లు. పదిహేను రోజులు లైటు ఆర్పనివ్వలేదు. ఒక రాత్రి లేచి అడిగింది: "అమ్మమ్మా, పక్కింటి అవ్వ బతుకమ్మ పేరుస్తది గదా, ఆమెను గూడ ఆ మూకుట్ల ఏస్తరా?" ఆ అవ్వ ఒళ్లోనే పాప పెరిగింది.

నరకం లేదని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నేను విశ్వాసిని, దేవుని తీర్పు ఉందని నమ్ముతాను. కానీ ఆ తెర మీద ఉన్నది బైబిలు చెప్పిన నరకం కాదు.

శూలం పట్టుకొని పాపులను కాల్చే పని బైబిల్లో సాతానుకు ఎక్కడా లేదు. యోబు గ్రంథంలో అతను దేవుని ముందు నిలబడి మనిషి మీద నేరం మోపేవాడు, అపవాది. ప్రకటన గ్రంథంలో ఏడు తలలు, పది కొమ్ములున్న మహా ఘటసర్పంగా కనిపిస్తాడు, అది దర్శనం. వెలుగుదూత వేషం వేసుకొని వస్తాడని పౌలు హెచ్చరించాడు. మత్తయి 25వ అధ్యాయం ప్రకారం నిత్యాగ్ని సిద్ధం చేసిందే అపవాదికి, అతని దూతలకు. అంటే అతను అక్కడ జైలరు కాదు, ఖైదీ.

మరి ఈ బొమ్మలు ఎక్కడివి? చాలావరకు కవులవి, చిత్రకారులవి. 14వ శతాబ్దంలో ఇటలీ కవి డాంటే తొమ్మిది వలయాల నరకాన్ని ఊహించాడు. ఆయన నరకంలో కూడా అట్టడుగున మంట లేదు, మంచు ఉంది. సాతాను రొమ్ము దాకా ఆ మంచులో కూరుకుపోయి ఉంటాడు. 1667లో ఇంగ్లండులో అచ్చయిన మిల్టన్ కావ్యంలో సాతాను గర్వంతో పడిపోయిన గొప్ప దూత, మాటకారి. ఇక నూనె మూకుడు మనదే, యమలోకం కథల్లోంచి వచ్చింది. బైబిలును తెలుగు చేసినవాళ్లు నరకం, పాతాళం అని జనం నోట్లో అప్పటికే ఉన్న మాటలు వాడారు. వేరే మాట లేదు కాబట్టి అది తప్పు కాదు. కానీ ఆ మాటల వెంట యమభటులు కూడా చర్చిలోకి వచ్చేశారు. అగ్నిగుండం అని చదివితే మా నల్గొండ పిల్లలకు ముందు గుర్తొచ్చేది భక్తులు నిప్పుల మీద నడిచే చెరువుగట్టు జాతరే.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఒకటుంది. సువార్తల్లో యేసు నరకం అన్న చోట గ్రీకులో ఉన్న మాట గెహెన్నా. అది యెరూషలేముకు దక్షిణాన ఉన్న హిన్నోము లోయ పేరు. పూర్వం అక్కడ కన్నబిడ్డలను మొలెకు అనే అన్యదేవతకు నిప్పుల్లో అర్పించారు. యోషీయా రాజు ఆ చోటును అపవిత్రం చేసి దాన్ని మాన్పించాడు. అది తాను ఆజ్ఞాపించని పని, తన మనసుకే తోచని పని అని దేవుడు చెప్పినట్లు యిర్మీయా 7వ అధ్యాయంలో ఉంది. పిల్లలను కాల్చిన చోటు పేరే నరకానికి పేరయింది. ఆ పేరు చెప్పి మళ్లీ పిల్లలనే తెచ్చి మంట ముందు కూర్చోబెడుతున్నాం.

మార్కు 9వ అధ్యాయం ఒకసారి తీసి చూడండి. ఆరని అగ్ని, చావని పురుగు అన్న భయంకరమైన మాటలకు ముందే, ఈ చిన్నవాళ్లలో ఒకరిని అభ్యంతరపరిచేవాడు, అంటే తప్పుదారి పట్టించేవాడు, మెడకు తిరగలిరాయి కట్టించుకొని సముద్రంలో పడడం మేలని ప్రభువు అన్నాడు. ఆ హెచ్చరిక పెద్దవాళ్లకు. లూకా 16లో పాతాళంలో యాతనపడే ధనవంతుడు చేసిన తప్పేమిటి? వాకిట్లో పుండ్లతో పడి ఉన్న లాజరును పట్టించుకోలేదు. నరకం గురించి వాక్యం చెప్పాలనుకుంటే అక్కడ మొదలుపెట్టాలి. ముంబయి, పూణే వలసపోయిన కొడుకుల కోసం చూస్తూ ఒంటరిగా మిగిలిన పాలమూరు ముసలివాళ్లున్నారు. మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయినవాళ్లున్నారు. వాళ్లు మన వాకిట్లో లాజర్లు కారా?

ఇదే భయం ఇంకో నష్టం కూడా చేస్తోంది. మూర్ఛలు వచ్చే ఒక పిల్లవాడికి సాతాను బంధకం అని చెప్పి మాత్రలు మాన్పించడం నేను కళ్లారా చూశాను. జడ్చర్లలో ఆసుపత్రి కట్టింది మిషనరీలే. ప్రార్థన చేస్తూనే వైద్యం చేశారు. మనసు బాగాలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416 ప్రతి చర్చి గోడ మీద రాయించాలి.

ఆ సభ పెట్టినవాళ్లను కలిసి అడిగితే, "భయం లేకపోతే పిల్లలు మాట వినరమ్మా" అన్నారు. ముప్పై ఏళ్లలో భయపెట్టి నేను ఏ పిల్లకూ ప్రార్థన నేర్పలేదు. తప్పిపోయిన గొర్రె కథ చెప్తే మాత్రం మళ్లీ ఆదివారం పిలవకుండానే వచ్చారు.

పాస్టర్లు, ఫాదర్లు, సంఘ పెద్దలు అందరికీ మీ పత్రిక ద్వారా ఒకటే మనవి. పిల్లలకు చూపించే వీడియోను ముందు రోజు పెద్దలు మొత్తం చూడండి. రాత్రి సభల్లో ఇలాంటివి వేసే ముందే పిల్లలను ఇళ్లకు పంపండి. మా సంఘంలో ఈ మాట నేను కమిటీ ముందు పెట్టాను. వచ్చే వేసవి వీబీఎస్‌కు పాఠాలు మార్చడం గురించి మాట్లాడదామన్నారు. ఆ పాఠాలు రాసే పని నేనే చేస్తానని చెప్పాను.

ఇట్లు,
ఒక సండే స్కూల్ టీచర్,
దేవరకొండ, నల్గొండ జిల్లా