బావా, ముందు నీళ్లూ దారీ చూడు

బెంగళూరు

బావా,

నీ ఉత్తరం అందింది. బదిలీ ఖాయమైందన్న ముక్క చదవగానే నీ చెల్లెల్ని వంటింట్లోంచి పిలిచి మరీ వినిపించాను. కాలేజీ రోజుల తర్వాత మళ్లీ ఒకే ఊళ్లో ఉండబోతున్నాం, ఇంతకంటే ఏం కావాలి! కానీ రెండో పేజీకి వచ్చేసరికి టెన్షన్ పట్టుకుంది. వర్తూరు రోడ్డులో ఏదో అపార్ట్‌మెంట్ ఫొటోలు చూసి, అడ్వాన్స్ పంపేద్దామనుకుంటున్నానని రాశావు. పంపకు. ఫొటోలో ఈతకొలను కనిపిస్తుంది కానీ కుళాయిలో ఏ నీళ్లు వస్తాయో కనిపించదు. నాకు తెలిసిందంతా రాస్తున్నాను. పొడుగైనా ఓపిగ్గా చదువు, చెల్లాయికి కూడా చదివి వినిపించు.

నీ ఆఫీసు వాళ్లు నీకు వైట్‌ఫీల్డ్, బెళ్లందూరు, మారతహళ్లి అని వరసగా పేర్లు చెప్పారు. పేరు చూసి ఇల్లు తీసుకోవడం మన రాజమండ్రిలో కుదురుతుంది. దానవాయిపేట అనగానే అక్కడి వీధులు ఎలా ఉంటాయో మనకు తెలుసు. ఇక్కడ పేరు ఏమీ చెప్పదు. వైట్‌ఫీల్డ్ 1882లో ఆంగ్లో ఇండియన్ల కోసం మైసూరు మహారాజు ఇచ్చిన భూమిలో మొదలైన చిన్న ఊరు. ఆ పాత ఇన్నర్ సర్కిల్ ఇప్పటికీ ఉంది. కానీ ఇవాళ ఇళ్ల ప్రకటనల్లో హూడి నుంచి వర్తూరు దాకా, కాడుగోడి అవతల పొలాల దాకా అన్నిటినీ వైట్‌ఫీల్డ్ అనే అంటారు. జె.పి. నగర్ సంగతీ అంతే. రెండో ఫేజ్ మెట్రో దగ్గర చెట్ల నీడన ఉంటుంది, ఎనిమిదో ఫేజ్‌కి వెళ్లాలంటే కిలోమీటర్ల కొద్దీ దక్షిణానికి పోవాలి. కాబట్టి ఎవరైనా ఏరియా పేరు చెబితే అక్కడితో ఆగకు. ఏ స్టేజి, ఏ ఫేజ్, ఏ మెయిన్, ఏ క్రాస్ అని అడుగు. లేఔట్లలో మామూలుగా మెయిన్లు ఒక దిక్కుకి, క్రాసులు దానికి అడ్డంగా పోతాయి. అది పట్టుబడితే సగం ఊరు నీకు తెలిసినట్టే.

ఆ తర్వాత అడగాల్సింది, ఆ లేఔట్ ఎవరు వేశారని. అద్దెకుండేవాడికి ఇదెందుకని అనుకోకు, నా దృష్టిలో ఇదే అసలు ప్రశ్న. 1890ల్లో వేసిన బసవనగుడి, మల్లేశ్వరం, 1948లో పునాది పడిన జయనగర్, తర్వాత బి.డి.ఎ. (ఇక్కడి నగరాభివృద్ధి సంస్థ) వేసిన లేఔట్లు, వీటన్నిట్లో ముందు రోడ్డు, కాలువ, పార్కు స్థలం గీసి ఆ తర్వాత సైట్లు పంచారు. 1898లో ప్లేగు వచ్చి పాత పేటల్లో జనం చనిపోయాక ఊరివాళ్లు గాలీ వెలుతురూ ఉన్న వీధుల కోసం బసవనగుడికి, మల్లేశ్వరానికి చేరారు. ఆ వెడల్పు ఇప్పటికీ అక్కడ నడుస్తుంటే తెలుస్తుంది. తూర్పున నీకు చూపించిన చోట్లు చాలావరకు అలా పుట్టలేదు. పల్లెటూళ్ల పొలాలు ఒక్కొక్కటే అమ్ముడుపోయి అపార్ట్‌మెంట్లయ్యాయి. 2007లో ఇలాంటి 110 గ్రామాల్ని నగరపాలికలో కలిపారు. ఇరవై అంతస్తుల భవనం లేచింది, దాని ముందున్న రోడ్డు మాత్రం ఎడ్లబండి నాటిదే. సాయంత్రం ఆరింటికి ఆ రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు పోవాలంటే గంట పడుతుంది. నువ్వు రాసిన ‘ఆఫీసుకి నాలుగు కిలోమీటర్లే’ అన్న లెక్క అందుకే నాకు నచ్చలేదు.

ఇక నీళ్లు. బావా, గోదావరి గట్టున పుట్టినవాళ్లం, నీళ్లంటే మనకు లెక్క లేదు. ఈ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున గుట్ట మీద కూర్చుంది, పక్కన పెద్ద నది లేదు. తాగే నీళ్లు సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి కావేరిని పంపులతో ఎత్తి తేవాలి. ఆ పైపు ముందు పాత ఊరికి వచ్చింది. శివార్లు బోరు మీద, ట్యాంకర్ మీద బతికాయి. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయినప్పుడు ట్యాంకర్ ధరలకు ప్రభుత్వమే పరిమితి పెట్టాల్సి వచ్చింది. పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లలో స్నానానికి సగం బకెట్ అని నోటీసులు అంటించారు. అదే ఏడాది అక్టోబరులో కావేరి ఐదో దశ మొదలైంది. ఆ 110 గ్రామాల కోసమే రోజుకు 77.5 కోట్ల లీటర్లు తెచ్చే పథకం అది. చాలా మంచి పని. అయితే పైపు వీధి చివరిదాకా రావడం వేరు, నీ భవనం డబ్బు కట్టి కనెక్షన్ తీసుకోవడం వేరు. అందుకే ఓనరుని ‘నీళ్లకు ఇబ్బంది లేదు కదా’ అని అడగొద్దు, లేదనే అంటాడు. వాటర్ బోర్డు బిల్లు చూపించమను. కావేరి ఎన్ని రోజులకోసారి వదులుతారు, సంపు ఎంత పెద్దది, మార్చి, ఏప్రిల్ నెలల్లో మెయింటెనెన్స్ ఎంత పెరిగింది, ఈ మూడూ అడుగు. బయటికొచ్చాక వీధి మొదట్లో ఇస్త్రీ బండి అతన్ని కదిలించు. ఏ ఇంటికి ఏ వేళ ట్యాంకర్ వస్తుందో అతనికి తెలిసినంత బ్రోకరుకి కూడా తెలియదు.

వచ్చే నీళ్ల సంగతి ఇది, పోయే నీళ్ల సంగతి కూడా చూడాలి. ఊరి మధ్య గుట్ట నుంచి వాన మూడు లోయల్లోకి జారుతుంది: వృషభావతి, కోరమంగల–చల్లఘట్ట, హెబ్బాళ. వృషభావతి నీళ్లు చివరికి కావేరిలో కలుస్తాయి, తక్కినవి దక్షిణ పినాకినికి పోతాయి. పూర్వం ఈ దారుల పొడుగునా గొలుసు చెరువులుండేవి. ఒకటి నిండితే రాజకాలువ గుండా కిందిదానికి పోయేది. ఆ చెరువుల్లో చాలా పూడిపోయాయి. మనం బస్సు దిగే మెజెస్టిక్ ఒకప్పటి ధర్మాంబుధి చెరువు, కంఠీరవ స్టేడియం సంపంగి చెరువు. కోరమంగల లోయ నీళ్లన్నీ, మురుగుతో సహా, బెళ్లందూరు చెరువులో పడి అక్కణ్ణించి వర్తూరు చెరువుకి చేరతాయి. నురగ రోడ్డు మీదికి పొంగిందీ, 2017లో నీళ్ల మీద మంటలు లేచిందీ ఆ చెరువుల దగ్గరే. 2022 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు మునిగి సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు పోయారే, నువ్వూ టీవీలో చూసే ఉంటావు, అది కూడా ఆ పల్లంలోనే. నువ్వు చూసిన అపార్ట్‌మెంట్ మునుగుతుందని నేననను. కానీ దాని గేటు దాకా వెళ్లి, రాజకాలువ ఎటు పోతోందో, బేస్‌మెంట్ గోడల మీద నీటి మరక ఉందో లేదో చూడకుండా డబ్బు పంపకూడదు. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యకు లిఫ్టు ఆగిపోయిన భవనంలో రెండు రోజులుండే పరిస్థితి రాకూడదు.

మరి ఎక్కడ ఉండాలి? నీ ఆఫీసు వైట్‌ఫీల్డ్‌లోని టెక్ పార్కు ఐ.టి.పి.ఎల్. పక్కన కాబట్టి నీకు పర్పుల్ లైన్ అనే వరం ఉంది. 2023 అక్టోబరు నుంచి పడమటి చివరనున్న చల్లఘట్ట నుంచి వైట్‌ఫీల్డ్ కాడుగోడి దాకా మెట్రో ఒకే లైనుగా నడుస్తోంది. పట్టందూరు అగ్రహార స్టేషన్లో దిగితే మీ గేటు దగ్గరే. నేనైతే ఆఫీసు పక్కన కాకుండా ఈ లైను పక్కన ఇల్లు చూడమంటాను. ఆఫీసు రేపు మారొచ్చు. చెల్లాయికి ఉద్యోగం ఊళ్లో ఏ మూల దొరుకుతుందో ఇప్పుడే చెప్పలేం. లైను మీద ఉంటే మెజెస్టిక్‌లో మారి గ్రీన్ లైన్, అక్కణ్ణించి ఆర్.వి. రోడ్డులో మారి ఎలక్ట్రానిక్ సిటీ వైపు పోయే యెల్లో లైన్, అన్నీ అందుతాయి. ఛార్జీలు 2025 ఫిబ్రవరిలో బాగా పెంచారు, గరిష్ఠం 90 రూపాయలైంది. అది భారమే, అయినా కారు పెట్రోలు కంటే నయం. ఉదయం వైట్‌ఫీల్డ్ వైపు పోయే బండి కిక్కిరిసి ఉంటుందని కూడా తెలుసుకో.

నా మనసులో మొదట ఉన్నది హలసూరు. పాత పేట, వీధులు ఇరుకు, కారు పెట్టుకోవడానికి జాగా దొరకదు. కానీ అత్తయ్య నడిచి వెళ్లేంత దూరంలో సోమేశ్వరాలయం ఉంటుంది, విజయనగరం నాటి గోపురంతో. మార్కెట్టు గుమ్మం ముందున్నట్టే. కూరలమ్మే ఆవిడ తెలుగులోనే బేరమాడుతుంది. మెట్రోలో నీ ఆఫీసుకి నలభై నిమిషాలు చాలు. ఇరుకు నచ్చకపోతే కస్తూరి నగర్ చూద్దాం. బెన్నిగానహళ్లి మెట్రో దగ్గర, కొత్త విశ్వేశ్వరయ్య రైల్వే టెర్మినల్ కూడా దూరం కాదు. రింగ్ రోడ్డు హోరు వినిపించని లోపలి వీధి చూసుకోవాలి. జీవన్ బీమా నగర్, న్యూ తిప్పసంద్ర ప్రశాంతంగా ఉంటాయి కానీ మెట్రోకి ఆటో ఎక్కాలి. ఇందిరానగర్ అద్దెలు మనం మోయలేం, వదిలెయ్. నువ్వడిగిన ఎలక్ట్రానిక్ సిటీ, యలహంక నీ ఉద్యోగానికి సంబంధం లేని మూలలు, వాటి గురించి ఆలోచించకు.

మారతహళ్లిలో అందరూ మనవాళ్లే ఉంటారట కదా అన్నావు. నిజమే, ఆంధ్రా మెస్సులు, తెలుగు పి.జి.లు, సంక్రాంతికి ఊరెళ్లే ప్రైవేటు బస్సులు అన్నీ అక్కడున్నాయి. ఒంటరిగా వచ్చే కుర్రాడికి అంతకంటే మంచి చోటు లేదు. సంసారానికి మాత్రం ఆ రద్దీ వద్దు. పైగా సిల్క్ బోర్డు నుంచి కె.ఆర్. పురం వైపు వేస్తున్న మెట్రో పూర్తిగా నడిచేదాకా ఆ రోడ్డుని నమ్ముకోలేం. తెలుగు కోసం అక్కడికి పోనక్కర్లేదు, తూర్పు బెంగళూరంతా తెలుగు వినిపిస్తుంది.

డిపాజిట్ దగ్గర బెదిరిపోకు. పాతకాలం ఓనర్లు పది నెలల అద్దె అడుగుతారు, బేరమాడితే ఐదారు నెలలకి దిగుతారు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోసుకోవడం ఇక్కడి మామూలు, అగ్రిమెంట్లో ఎంతని రాయించుకో. అద్దె లేకుండా లక్షలు ఒకేసారి కట్టే ‘లీజు’ ఎవరైనా చూపిస్తే ఆశపడకు. ఇల్లు బ్యాంకు తాకట్టులో ఉంటే మన డబ్బు ఇరుక్కుపోతుంది. ఇంకో సంగతి, బసవనగుడి, మల్లేశ్వరం వైపు చాలామంది శాకాహారులకే ఇల్లిస్తారు, గుడ్డు కూడా ఒప్పుకోరు. మన ఇంట్లో చేపల పులుసు లేని ఆదివారం ఉండదు కదా, ఆ మాట ఫోన్లోనే తేల్చుకోవాలి, ఇల్లు నచ్చాక కాదు.

పిల్లదాని స్కూలు గురించి చెల్లాయి అడిగింది. ఇల్లు, స్కూలు ఒకేవైపు ఉండాలి, నడిచేంత దూరమైతే మరీ మంచిది. స్కూలు బస్సులో గంటన్నర కూర్చునే పసిపిల్లల్ని రోజూ చూస్తుంటాను, కడుపు తరుక్కుపోతుంది. కన్నడం ఇక్కడి స్కూళ్లలో తప్పదు, దానికి దిగులొద్దు. లిపి మనదానికి దగ్గర, బస్సు బోర్డులు నువ్వే వారంలో చదివేస్తావు. నువ్వూ నేర్చుకో బావా. పక్కింటివాళ్లతో నాలుగు ముక్కలు వాళ్ల భాషలో మాట్లాడితే వాళ్ల ముఖం ఎలా విప్పారుతుందో చూడు. మనం వాళ్ల ఊళ్లో ఉంటున్నాం, ఆ మాత్రం గౌరవం మన బాధ్యత.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది చెబుతాను. ముందు నువ్వొక్కడివే రా. శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌కి వచ్చి కె.ఆర్. పురంలో దిగు, తీగల వంతెన పక్కనే మెట్రో స్టేషన్ ఉంది, అక్కడ నిలబడి ఉంటాను. మా ఇంట్లో ఉండి ఆఫీసులో చేరు. పిల్లదాని పరీక్షలయ్యేదాకా టైముంది. ఈలోగా సాయంత్రాలు ఇద్దరం వీధి వీధీ నడిచి చూద్దాం, ఒకటి రెండు వానలు పడ్డ మర్నాడు కూడా. నచ్చిన ఇంటికి అత్తయ్యని, చెల్లాయిని పిలిపించి చూపించాకే డబ్బు కడదాం. ఆ వర్తూరు వాళ్లకి ఇవాళే ఫోన్ చేసి, వచ్చి చూశాక చెబుతానను. రైలు ఏ రోజో రాయి, నేను సెలవు చెప్పుకోవాలి. వచ్చేటప్పుడు నీ చెల్లెలికి మామిడితాండ్ర తేవడం మర్చిపోకు, రెండుసార్లు గుర్తుచేయమంది.

అత్తయ్యకు మా ఇద్దరి నమస్కారాలు. పిల్లదానికి ముద్దులు.

నీ
బావ