ముందు ఆ గుంతలు ఆపరా

ఒరేయ్,

నీ మెసేజ్ రాత్రే చూశా, కానీ రెండు ముక్కలు కొట్టి ఊరుకునే విషయం కాదని తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. ఆ గడ్డి నేల అంతా "ఖాళీగా పడుంది, చెట్లు నాటేద్దాం" అన్నావు చూడు, అక్కడే మండింది నాకు. ఖాళీ ఎక్కడరా? గడ్డిలోనే గూడు పెట్టే పిట్టలుంటాయి, నీడ పడితే చచ్చిపోయే మొక్కలుంటాయి, కింద వేళ్ళల్లో బోలెడు కార్బన్ ఉంటుంది. దాంట్లో ఒకటే రకం మొక్కలు వరసగా పాతితే అడవి అవ్వదు, తోట అవుతుంది.

రీవైల్డింగ్, అంటే నేలని మళ్ళీ ప్రకృతి చేతికి అప్పజెప్పడం, అదంతా చెట్లు నాటడమే అనుకుంటారు చాలామంది. నా లెక్కలో అది, మనం తరిమేసిన పనివాళ్ళని, అంటే జంతువుల్ని, మళ్ళీ పన్లోకి పిలవడం. బీవర్ సంగతే చూడు, వాగులకి అడ్డంగా కట్టలు కట్టే, ఎలుక జాతి పెద్ద జంతువది. బొచ్చు కోసం, మాంసం కోసం వేటాడి వేటాడి 1900 ప్రాంతానికి యూరప్, ఆసియా కలిపి ఓ 1,200 మిగిల్చారు, ఇప్పుడవి పది లక్షలు దాటాయి. వేట ఆపారు, 1922లో నార్వే నుంచి స్వీడన్‌కి తెచ్చినట్టు కొన్ని చోట్ల తెచ్చి వదిలారు, మిగతాది చాలావరకు అవే చూసుకున్నాయి. పారే నీళ్ళ చప్పుడు వింటే దానికి కాలూ చెయ్యీ ఊరుకోవు, పుల్లలు, బురద తెచ్చి కట్ట కట్టాల్సిందే. ఎవరో ప్రయోగానికి స్పీకర్లో నీళ్ళ చప్పుడు పెడితే, చుక్క నీళ్ళు లేని చోట ఆ స్పీకర్ మీదే పుల్లలు పేర్చేశాయట! కట్ట వెనక నీళ్ళు నిలిస్తే కప్పలు, తూనీగలు, వాటి వెనకే పక్షులు.

చెక్ రిపబ్లిక్‌లో ఇంకా తమాషా. బ్రడీ అనే చోట చిత్తడి నేల తిరిగి తేవాలని 2018లో ప్లాన్ గీసి, స్థలం గొడవలు, పర్మిషన్లంటూ ఏళ్ళ తరబడి నానుస్తుంటే, ఎనిమిది బీవర్లు వచ్చి కావలసిన చోటే కట్టలు కట్టేశాయి. 3 కోట్ల కొరునాలు (అక్కడి డబ్బు) మిగిలాయని 2025లో వార్తొచ్చింది. ఫైలూ లేదు, టెండరూ లేదు.

అలాగని వదిలేస్తే చాలనీ కాదు. నెదర్లాండ్స్‌లో ఊస్ట్‌వార్డర్స్‌ప్లాసెన్ అనే ప్రకృతి రక్షిత ప్రాంతంలో గుర్రాల్ని, పశువుల్ని, జింకల్ని వదిలి కంచె వేశారు, తోడేళ్ళు లేవు, మేత అయిపోతే వేరే చోటికి పోయే దారీ లేదు. 2017-18 చలికాలంలో 3,000 పైగా చచ్చాయి, చాలావాటిని ఆకలితో మాడకముందే తుపాకీతో కాల్చి చంపేశారు. జనం కంచె మీంచి గడ్డి విసిరారట పాపం. బీవర్లతోనూ తలనొప్పులున్నాయిలే, పక్క పొలం ముంచేస్తే ఆ రైతు ఊరుకుంటాడా, కట్టలోంచి పైపు వేసి నీటి మట్టం తగ్గిస్తుంటారు.

అందుకే అడుగుతున్నా, నువ్వు పంపిన ఫోటోలో మూల ఆ చిన్న పసుప్పచ్చ పూలేంటి? గడపార పట్టుకునే ముందు ఓసారి వంగి దగ్గర్నుంచి తీసి పంపు. వర్షం పడ్డాక ఇంకోటి. అప్పటిదాకా గుంతలు తవ్వావో, చూసుకో మరి.

నీ గొణుగుడు గాడు